తలుపు తట్టి లోనికి రండి

తాండూరులో నాపరాళ్ల వర్తకులైనా, కందిపప్పు మిల్లుల వారైనా నేడు బేరసారాలను అధికంగా ఫోన్‌లోనే సాగిస్తున్నారు. చూపు మందగించిన పెద్దలకు ఆ చిన్న తెరపై కొలతలు, ధరలు చదవడం కష్టం. ఫోన్ తెరను కంప్యూటర్‌పై పెద్దదిగా చూస్తూ, మౌస్‌తో, కీబోర్డుతో నడిపించే మిర్రరింగ్ పద్ధతి అటువంటి వారికి ఎంతో ఉపకరిస్తుంది.

ఇందుకు ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుండి లభిస్తున్నది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపాలి. అప్పుడు ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది. యజమాని తెరను తాకి సమ్మతిస్తేనే దానికి ప్రవేశం. కనుక ఈ ఏర్పాటును తెర పగలక ముందే చేసుకోవాలి. పని ముగిశాక డీబగ్గింగ్‌ను ఆపివేయాలి.

అనుమతి కోరే ఈ మర్యాద మనకు కొత్తది కాదు. ఇతరుల ఇండ్లలోకి అనుమతి పొంది, సలాం చేసిన పిదపే ప్రవేశించాలని దివ్యఖుర్‌ఆన్‌లోని అన్ నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశిస్తున్నది. మూడుసార్లు కోరినా అనుమతి లభించకుంటే వెనుదిరగాలని దైవప్రవక్త (స) బోధించారు. కుటుంబ చిత్రాలు, ఇతరులు నమ్మి చెప్పిన మాటలు, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్న ఫోన్ కూడా నేడు ఒక ఇల్లే. అది మన వద్దనున్న అమానత్.

వికారాబాద్‌లోని కుమారుడు తాండూరులోని తండ్రి ఫోన్‌ను సరిదిద్దాలంటే ఎనీడెస్క్ వంటి యాప్ కావాలి. మోసగాళ్లు కూడా ఆ దారినే వస్తున్నారు. బ్యాంకు అధికారులమంటూ యాప్ వేయించి, అందులో కనిపించే కోడ్ చెప్పమంటారు. ఈ మోసం గురించి భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అపరిచితునికి ఆ కోడ్ చెప్పడమంటే ఇంటి తాళంచెవి అప్పగించడమే. పొరపాటున చెప్పినట్లయితే వెంటనే ఇంటర్నెట్ ఆపి, యాప్ తొలగించి, బ్యాంకుకు తెలిపి, 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. సిగ్గుపడి జాప్యం చేయరాదు.

ఇంటివారికీ ఇదే నియమం. భార్య ఫోన్‌ను భర్త గాని, భర్త ఫోన్‌ను భార్య గాని రహస్యంగా తమ తెరపై చూడడం, అల్ హుజురాత్ సూరా నిషేధించిన కూపీ తీయడమే అవుతుంది. పిల్లల ఫోన్‌ను గమనించవలసి వస్తే వారికి చెప్పియే గమనించండి. సహాయపడే చేయి కూడా ముందు తలుపు తట్టాలి.