వేలు పడకపోతే?

మా హుజూర్‌నగర్‌లో ఇప్పుడు చాయ్ బండి దగ్గర కూడా మాట్లాడే డబ్బా ఉంది. పది రూపాయలు కొడితే వీధి వీధంతా వినేలా చెప్తుంది. సెలవులకి ఊరెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త మిషన్ కనిపిస్తుంది, నాకేమో అలాంటిది కనిపిస్తే అది లోపల ఎలా పనిచేస్తుందో కనుక్కునేదాకా కాళ్ళు కదలవు (ఇంట్లోవాళ్ళు దీన్ని రోగం అంటారు లెండి :)). ఈ మధ్య నా కన్ను పడింది మాత్రం పాత మిషన్ మీదే. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషన్.

దానికేం కొత్త, ఎన్నేళ్ళ నుంచో ఉంది కదా అంటారా? మిషన్ పాతదే, బియ్యం కొత్తవి. 2025 మార్చి 30న, ఉగాది రోజు, రేషన్‌లో సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని రాష్ట్రం మొత్తానికీ మా ఊళ్ళోనే మొదలుపెట్టారు. మనిషికి ఆరు కిలోలు, ఉచితం. అంతకుముందు దొడ్డుబియ్యం ఇచ్చినప్పుడు చాలామంది తీసుకొచ్చి కిలోకింత అని అమ్మేసేవాళ్ళు. చుట్టూ సాగర్ ఎడమకాల్వ కింద వరి, ఎటు చూసినా రైస్ మిల్లులు, అయినా రేషన్ బియ్యం తినే ఇల్లు తక్కువ. ఇప్పుడు అవే ఇళ్ళల్లో రేషన్ బియ్యం వండుకుంటున్నారు. అంటే వేలు పడకపోతే పోయేది ఇదివరకులాగా చిల్లర డబ్బులు కాదు, ఆ నెల తిండి.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఒక్కతే ఉంటుంది, కార్డులో కూడా ఒక్క పేరే. నలభై ఏళ్ళు నాట్లు వేసిన చేతులు. మిషన్ మీద వేలు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకుని పెట్టింది, పడలేదు. తల వెంట్రుకలకి రుద్దుకుని పెట్టమన్నాడు డీలరు (నూనె తగిలితే పడుతుందని ఊళ్ళో వాడే చిట్కా, ఇందులో కొంచెం సైన్సు కూడా ఉంది, మరీ పొడిగా ఉన్న వేలు సెన్సరుకి సరిగ్గా కనపడదు). అయినా పడలేదు. పక్కన నిలబడ్డ నాకు ఉండబట్టలేక "అవ్వ మీకు తెలిసిన మనిషే కదా" అన్నాను. డీలరు అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నాకు తెల్వదా సార్, ముప్పై ఏండ్ల సంది తెలుసు. మిషన్‌కే తెలుస్తలేదు."

ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నిజంగానే ఆయన చేతిలో ఏమీ లేదు. మిషన్ అవునంటేనే రసీదు వస్తుంది, రసీదు వస్తేనే స్టాకు లెక్క కుదురుతుంది.

లోపల జరిగేది మన బోటివాళ్ళకి సులభంగానే అర్థమవుతుంది. వేలి మీద గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎక్కడ రెండుగా చీలుతున్నాయి అన్న గుర్తులు తీసుకుని, ఎన్‌క్రిప్ట్ చేసి, ఆధార్ సర్వరుకి పంపుతుంది. అక్కడున్న పాత ముద్రతో పోల్చి అవును, కాదు అని ఒక్క ముక్క తిరిగొస్తుంది. కాదు అయితే ఎర్రర్ కోడ్ 300, బయోమెట్రిక్ కలవలేదు అని. రెండు ముద్రలు అచ్చుగుద్దినట్టు ఎప్పుడూ కలవవు కాబట్టి, ఎంత కలిస్తే అవును అనాలి అని ఎవరో ఒకరు ఒక గీత గీయాలి. గీత పైకి జరిపితే దొంగలు తగ్గుతారు, అసలు మనుషులు కూడా కొంతమంది బయట పడతారు. కిందికి జరిపితే దానికి ఉల్టా. ఈ రెండు తప్పుల్నీ ఒకేసారి సున్నా చేసే అల్గారిదమ్ లేదు. పోనీ బయట పడేవాళ్ళు లాటరీ తీసినట్టు ఎవరో ఒకరు పడతారా అంటే అదీ లేదు. కీబోర్డు కొట్టుకునే నా వేలు మొదటిసారికే పడుతుంది. నాట్లేసేవాళ్ళవి, కలుపు తీసేవాళ్ళవి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు పని చేసేవాళ్ళవి పడవు. అంటే ఆ బియ్యం ఎవరికోసమో, సరిగ్గా వాళ్ళవే.

అవ్వకి నాలుగో రోజు ఎడమచేతి ఉంగరం వేలు పడింది. అప్పటికి మూడుసార్లు ఎండలో నడిచొచ్చి వట్టి చేతులతో వెళ్ళింది.

ఇప్పుడు చాయ్ డబ్బా సంగతి. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ కొన్ని గంటలు మొరాయించింది, గుర్తుందా? అలా ఆగినప్పుడు చాయ్ బండి అతను ఏమంటాడు? "రేపియ్యన్నా" అంటాడు. లేదంటే జేబులోంచి నోటు తీస్తాం. యూపీఐని మనం అంత ఇష్టంగా వాడుకోవడానికి సగం కారణం అది ఫెయిలైనా మన చాయ్ ఆగకపోవడమే అని నాకనిపిస్తుంది. మన ఆఫీసుల్లో కూడా అంతే కదా. ప్రొడక్షన్‌లో ఎంత కట్టుదిట్టమైన లాగిన్ పెట్టినా, అర్ధరాత్రి అది పనిచేయకపోతే లోపలికి వెళ్ళడానికి 'బ్రేక్ గ్లాస్' అకౌంటు ఒకటి పెట్టుకుంటాం. వాడిన ప్రతిసారీ లాగ్ అవుతుంది, పొద్దున్నే మేనేజర్ ఎందుకు వాడావని అడుగుతాడు. మన సర్వర్లకి ఇచ్చిన ఈ పక్క తలుపు అవ్వకి లేదు.

విచిత్రం ఏంటంటే ఈ పక్క తలుపు మన దగ్గర ఒకప్పుడు ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ డబ్బులు, పింఛన్లు వేలిముద్రతో స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అని ముగ్గురు ఆర్థికవేత్తలు 2010 నుంచి 2012 వరకు 8 జిల్లాల్లో, 157 మండలాల్లో దీన్ని పరీక్షించి చూశారు. అందులో నల్గొండ ఒకటి (మాది అప్పట్లో ఆ జిల్లానే, 2016లో సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది). 2016లో అచ్చయిన వాళ్ళ పేపరు ప్రకారం కూలీ డబ్బులు తొందరగా అందాయి, ఉపాధి హామీలో మధ్యలో మాయమయ్యేది దాదాపు 41 శాతం తగ్గింది. వాడినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా పాత పద్ధతి కన్నా ఇదే బాగుందన్నారు. అదే పేపర్లో ఇంకో సంగతి ఉంది. రెండేళ్ళయినా సగం చెల్లింపులే కార్డు మీద జరిగాయి. కార్డు లేనివాళ్ళకి, వేలు పడనివాళ్ళకి పాత పద్ధతిలోనే ఇవ్వనిచ్చారు. ప్రాజెక్టు మేనేజర్ కళ్ళతో చూస్తే సగం ఫెయిలైన రోలౌట్. కూలీ కళ్ళతో చూస్తే ఎవరి డబ్బూ ఆగలేదు.

ఆ తర్వాత వీళ్ళే జార్ఖండ్ వెళ్ళి రేషన్‌లో వేలిముద్రని తప్పనిసరి చేస్తే ఏమైందో కొలిచారు. కోటిన్నర మంది లబ్ధిదారులున్న ప్రయోగం. ముద్ర తప్పనిసరి చేసినందువల్ల మాత్రమే దొంగతనం తగ్గలేదు, అంతకుముందు ఆధార్ జత చేయించుకోనివాళ్ళకి అందేది మాత్రం 10 శాతం తగ్గింది. అదే రాష్ట్రంలో 2017లో సిమ్డేగా జిల్లాలో ఆధార్ జత కాలేదని రేషన్ కార్డు తీసేసిన ఇంట్లో పదకొండేళ్ళ పాప చనిపోయింది. ఆకలితో అని తల్లి, జబ్బుతో అని ప్రభుత్వం. కార్డు తీసేయడం మాత్రం నిజం.

ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న నాకు తెలుసు. పక్క తలుపు పెడితే డీలరే అందులోంచి మొత్తం లోడు ఎత్తుకుపోడా అని. అడగాల్సిన ప్రశ్నే. మిషన్ రాకముందు చనిపోయినవాళ్ళ పేర్ల మీద కూడా బియ్యం ఎత్తేవాళ్ళు, ఆ రోజులు ఎవరికీ వద్దు. ఫోన్‌కి ఓటీపీ, కంటిపాప స్కానింగ్ లాంటివి ఉన్నాయి కదా అని కూడా అంటారు. ఉన్నాయి, మంచివే. కరోనా టైములో, 2021 ఫిబ్రవరిలో వేలు వద్దని ఓటీపీ పెట్టినప్పుడు ఆధార్‌కి ఫోన్ నెంబరు కలుపుకోడానికి మీసేవల ముందు ఎంత క్యూలు ఉన్నాయో కూడా మనం చూశాం. ఒక మిషన్ బదులు ఇంకో మిషన్ పెడితే దానికీ ఒక ఎర్రర్ కోడ్ ఉంటుంది. చివర్లో ఎక్కడో ఒకచోట మనిషి ఉండాలి.

ఆ మనిషిని గుడ్డిగా నమ్మక్కర్లేదు, లెక్కపెడితే చాలు. మిషన్‌లోనే ఒక బటన్ పెట్టండి. మూడుసార్లు వేలు పడకపోతే అది వెలగాలి, డీలరు కార్డు చూసి, ఫోటో తీసి, బియ్యం ఇవ్వాలి. ఏ షాపులో నెలకి ఎన్నిసార్లు ఆ బటన్ నొక్కారో గ్రామసభలో చదివి వినిపించాలి. పక్క షాపులో నూటికి మూడుసార్లు నొక్కితే ఇక్కడ నలభైసార్లు ఎందుకు నొక్కారు అని అడగడానికి పెద్ద ఏఐ అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీట్ చాలు. వేలు తరచూ పడనివాళ్ళ జాబితా కూడా దాంతోనే తయారవుతుంది, వాళ్ళ ఇంటికే వెళ్ళి ఆధార్‌లో ముద్రలు కొత్తగా తీసుకోవచ్చు.

ఇదేదో నా తెలివి అనుకోకండి. ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలు, కన్ను, ఓటీపీ ఏదీ పనిచేయకపోతే కార్డు చూసి సరుకు ఇవ్వాలి, దానికి విడిగా ఒక రిజిస్టరు పెట్టి అందులో రాయాలి, ఆ రిజిస్టరుని తనిఖీ చేస్తుండాలి, వేలు పడలేదని ఎవర్నీ వెనక్కి పంపకూడదు అని.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఆ రిజిస్టరు ఒకసారి చూపిస్తారా అని డీలరుని అడిగాను. "ఏం రిజిస్టర్ సార్?" అన్నాడు.