ట్రస్టు నవాబులకేనా?

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఒకప్పుడు పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక అక్కడ ఎకరాల బేరం పోయి గజాల బేరం వచ్చింది. ఆ ధరల వేడి ఇప్పుడు జిల్లాలోని దూర గ్రామాలకూ తాకింది. పొలం అమ్మిన డబ్బు చాలా ఇళ్లలో పెద్దకొడుకు పేరిట బ్యాంకులో పడుతోంది. "అందరినీ నేనే చూసుకుంటా" అన్న మాట తప్ప కాగితం ఉండదు. ఆ మాట తప్పిన నాడు వీధిన పడేది ముసలి తల్లి, చదువుకునే పిల్లలు, కాళ్లు చేతులు సరిగాలేని బిడ్డ.

ఈ చిక్కు కొత్తది కాదు. వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో యుద్ధానికి వెళ్లే భూస్వాములు భూమిని మిత్రుడి పేర పెట్టి, ఫలసాయం భార్యాబిడ్డలకు ఇమ్మనేవారు. మిత్రుడు అడ్డం తిరిగితే, పేరున్నవాడిదే భూమి అని మామూలు కోర్టులు అనేవి. బాధితులు రాజుగారి ఛాన్సలర్‌ను ఆశ్రయించారు. పేరు నీదైనా ఫలం వారిదే, ఇచ్చి తీరాలి అని ఆయన కోర్టు చెప్పింది. ట్రస్టుకు మూలం అదే. మన దేశంలో ప్రైవేటు ట్రస్టులకు 1882లో చట్టం వచ్చింది.

హైదరాబాద్‌లోనే ఇందుకు పెద్ద ఉదాహరణ ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1950లో 9 కోట్ల రూపాయల ప్రభుత్వ సెక్యూరిటీలతో కుటుంబ ట్రస్టు పెట్టారు. నగలకు వేరే ట్రస్టులు రాశారు. ఆయన 1967లో కన్నుమూశారు. ఆ నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం ట్రస్టుల నుంచే సుమారు 218 కోట్లకు కొన్నది.

అదే నిజాం సొమ్ము మరొకటి చూడండి. 1948లో సుమారు 10 లక్షల పౌన్లు లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ పేరిటికి మారాయి. ఎవరి కోసమో స్పష్టమైన కాగితం లేదు. పేరు ఎవరిదైనా సొమ్ము నిజాముదేనని, అది భారత ప్రభుత్వానికీ ఆయన మనవళ్లకూ చెందుతుందని లండన్ హైకోర్టు తేల్చేసరికి 2019 వచ్చింది. 71 ఏళ్లు! సామాన్య రైతు అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగగలడా?

ట్రస్టుకు కోట్లు అక్కరలేదు. ఆస్తి ఏది, చూసేది ఎవరు, ఫలం ఎవరికి అన్నది తేటగా రాయాలి. భూమి, ఇల్లు అయితే దస్తావేజు రిజిస్టరు కావాలి, లేదా వీలునామాలో రాయాలి. ట్రస్టీ సొంతానికి వాడుకోరాదు. ట్రస్టు ఆస్తిని అమ్మే బాధ్యత ఉన్నవాడు తానే కొనరాదు. లెక్కలు చూపమని అడిగే హక్కు లబ్ధిదారుకు ఉంది. ఈ హక్కును వాడుకోకపోతే దస్తావేజు ఉన్నా దండగే.

ఒక హెచ్చరిక. ఆడపిల్లల వాటా ఎగ్గొట్టడానికి ట్రస్టు పెడదామనుకునేవారు ఉన్నారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు మన రాష్ట్రం 1985 నుంచే, అప్పటికి పెళ్లికానివారికి, హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవారికీ ఇచ్చింది. పంచుకోని పిత్రార్జితాన్ని తండ్రి ఒక్కడే తన ఇష్టం వచ్చినట్టు రాసివ్వలేడు.

భూమి అమ్మే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. మండల న్యాయ సేవాధికార సంస్థలు గ్రామాల్లో సదస్సులు పెట్టి ఈ సంగతులు చెప్పాలి. అన్నదమ్ముల మీద నమ్మకం ఉండవలసిందే. ఆ నమ్మకం కాగితం మీద కూడా ఉంటే ఎవరికీ నష్టం లేదు.