ఇంటనే అక్షరము



మాది హోసూరు. నాలుగేండ్ల పిల్లవానిని బడికి పంపక ఇంటనే చదివించుచున్నాను. ఉదయము ముగ్గుపిండితో నడవలో అక్షరములు వ్రాసి దిద్దించుదును. ఏడాదిన్నర చంటిది తప్పటడుగులతో వచ్చి చెరిపివేయును. మరల వ్రాయుదుము. మధ్యాహ్నము చంటిది నిద్రించిన పిదపనే చింతగింజలతో లెక్కలు. లేనిచో అవి దాని నోటికే పోవును.

‘పిల్లవాడు వెనుకబడడా?’ అని ఇరుగుపొరుగువారు అడుగుచున్నారు. 2006 నాటి చట్టము ప్రకారము ఇక్కడి బడులలో తమిళము తప్పనిసరి. అది వాడు నేర్చుకొనును, నేర్చుకొనవలసినదే. మేము చేర్పించబోవు బడిలో తెలుగు లేదు గనుక ఆ అక్షరము ఇంటనే రావలెను. మావారు తెలుగు మాట్లాడుదురు గాని చదువలేరు; ఈ పత్రికను నేనే చదివి వినిపించుదును. కొడుకునకు ఆ కొరత రాకూడదు.

అక్షరాభ్యాసము నాటి పలకను అటక ఎక్కింపక, రోజుకొక గంట పిల్లల ముందుంచుడని తోటి తల్లులకు మనవి.

— ఒక తల్లి, హోసూరు