చీటీ లేని నమూనా సాక్ష్యం కాదు: పిల్లిపెసర చెప్పే పాఠం

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల రైతులకు పిల్లిపెసర పరిచయం అక్కరలేని మొక్క. వరి మాగాణిలో మిగిలిన పదునుపై దీనిని పెంచి పశువులకు మేతగాను, నేలకు పచ్చిరొట్టగాను వాడుకోవడం కృష్ణా డెల్టాలో చిరకాలంగా ఉన్న ఆచారం. ఇదే మొక్క గట్లపైన, బీడు నేలల్లో విత్తకుండానే మొలుస్తుంది. ఈ రెండు స్థితుల మధ్య తేడాను భద్రపరచవలసింది హెర్బేరియం.

ఒత్తి, ఆరబెట్టి, అట్టపై అంటించిన మొక్క ఆకారాన్ని మాత్రమే చూపగలదు. అది చేనులో విత్తినదా, తానై మొలిచినదా, నల్లరేగడిలోనిదా, తీరపు చౌడులోనిదా అన్నది చెప్పేది దాని చీటీ. ఆ నాలుగు పంక్తులు లేకపోతే నమూనా విలువ సగానికి పైగా పోయినట్లే.

పేరు మారినా నష్టం లేదు. పాత వ్యవసాయ గ్రంథాలలోని ఫేసియోలస్ ట్రైలోబస్ నేడు విగ్నా ట్రైలోబేటా. నమూనా పదిలంగా ఉంటే పేరును ఎప్పుడైనా సరిచూడవచ్చు. స్థలం విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఈ మూడు ఊళ్లూ 1904 వరకు కృష్ణా జిల్లాలోనివి, ఆ తరువాత గుంటూరు జిల్లాలోనివి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడగా రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరులోనే ఉన్నది. చీటీపై జిల్లా పేరు మాత్రమే ఉంటే రేపటి పరిశోధకుడు ఏ గట్టును వెతకాలి?

ఇది వృక్షశాస్త్రజ్ఞులకే పరిమితమైన చింత కాదు. మన మాగాణి మినుమును పల్లాకు తెగులు పీడిస్తున్నది. మినుము, పెసర, పిల్లిపెసర మూడూ విగ్నా ప్రజాతికి చెందినవే. వన్య బంధువులు ఏమి ఇవ్వగలవో వరి చరిత్ర తెలుపుతుంది. గ్రాసీ స్టంట్ వైరస్‌ను తట్టుకొనే గుణం కోసం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6,000కు పైగా రకాలను పరీక్షించగా, ఉత్తరప్రదేశ్ నుండి సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరిలో అది లభించింది. 1976లో విడుదలైన ఐ.ఆర్.36కు ఆ నిరోధకత దాని నుండే వచ్చింది.

విత్తన బ్యాంకులు ఉండగా ఎండు మొక్కలెందుకని కొందరు అడుగుతారు. విత్తనం మొలక శక్తిని కోల్పోవచ్చు, పునరుత్పత్తిలో కల్తీ కావచ్చు. అప్పుడు ఆ విత్తనం ఏ మొక్కదో సరిచూచుకొనడానికి మిగిలే ఆధారం హెర్బేరియం నమూనాయే. విత్తన సేకరణ, నమూనా సేకరణ ఒకదానికొకటి తోడు. ఒకటి ఉన్నదని రెండవదానిని విడువరాదు.

కలుపు మొక్కలపై, వన్య జాతులపై జరిగే ప్రతి పి.జి. పరిశోధనలోను నమూనాను భద్రపరచి, దాని సంఖ్యను సిద్ధాంత వ్యాసంలో పేర్కొనడం తప్పనిసరి కావాలి. గ్రామం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నేల స్వభావం, స్థానిక నామం, విత్తినదా కాదా అన్న వివరం చీటీపై ఉండాలి. ఒక ప్రతిని కోయంబత్తూరులోని మదరాసు హెర్బేరియానికి పంపడం మేలు. 1945 నుండి వ్యవసాయ విద్యను బోధిస్తున్న బాపట్లలో ఈ పనికి విద్యార్థులకు కొరత లేదు. కావలసిన సామగ్రి పాత వార్తాపత్రికలు, ఒత్తు పలకలు, ఓపిక.

కాలువ గట్లకు కాంక్రీటు లైనింగు, గట్ల మీద కలుపు మందుల పిచికారీ సాగుతున్న కాలమిది. తానై మొలిచిన పిల్లిపెసర ఏ గట్టున మిగిలి ఉన్నదో నమోదు చేయవలసిన సమయం ఇప్పుడే. గట్టు చదునైన తరువాత చీటీ వ్రాయడానికి మొక్క ఉండదు.