బూజుకీ ఇన్సూరెన్సా?

"బూజుకీ ఇన్సూరెన్సా!" అని నవ్వారు మావారు. హ్యూస్టన్‌లో ఇల్లు కొని తొమ్మిదేళ్లయింది. పాలసీ రెన్యువల్ వచ్చిన ప్రతిసారీ ఆ గడి ఖాళీగానే వదిలేస్తున్నాం. ఈసారి నాకు ఒళ్లు మండింది.

ఆవకాయ జాడీలో ఒక్క తడి గరిటె పడితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఈ ఊరి ఉక్కలో ఇంటి గోడలూ అంతే. కాగితం అతికించిన జిప్సం బోర్డు తడిసిందంటే ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలు. కిందటేడు వాషింగ్ మెషిన్ వెనక గోడ నల్లబడితే ముక్కుకి గుడ్డ కట్టుకుని తుడిచింది నేను. రాత్రుళ్లు దగ్గింది పిల్ల. "దండగ" అని తేల్చింది మాత్రం ఆయన ఎక్సెల్ షీటు!

అలాగని ఏజెంటు చెప్పిందల్లా నమ్మి సంతకం పెట్టమనను. పైపు హఠాత్తుగా పగిలి బూజు పడితే చాలా పాలసీలు ఇస్తాయి, అదీ ఒక పరిమితి వరకే. నెలల తరబడి చుక్కచుక్కగా కారితే అది మన అశ్రద్ధేనంటారు. వరదకైతే వేరే పాలసీ ఉండాలి. అదనపు కవరేజీతో ఆ పరిమితి ఎంత పెరుగుతుందో, దేనికివ్వరో అడిగి, రాతలో తీసుకోండి.

సింకు కింద తొంగి చూసేది మనమే అయినప్పుడు ఆ కాగితం చదవాల్సిందీ మనమే. ఈసారి ఆ గడిలో టిక్కు నేనే పెట్టాను.