మడభూమిలో ఇంటి స్థలాలు

2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన తొలి ఇరవై స్మార్ట్ నగరాలలో కాకినాడ ఒకటి. అభివృద్ధి అనగానే రహదారులు, బహుళ అంతస్తుల భవనాలు చర్చకు వస్తాయి. తీరాన్ని కాచే మడ అడవుల ప్రస్తావన అరుదు.

2020లో పేదలకు ఇంటి స్థలాలిచ్చే నిమిత్తం దుమ్ములపేట వద్ద మడచెట్లను నరికివేశారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. పేదవానికి గూడు ఉండాలనడంలో భేదాభిప్రాయానికి తావు లేదు. అయితే ఆటుపోట్లకు లోనయ్యే పల్లపు నేలను అతనికి కేటాయించడం ఔదార్యం అనిపించుకోదు. ఉప్పెన వచ్చిన నాడు మొదట మునిగేది ఆ ఇల్లే. సమీపంలోని కోరంగి రేవు పట్టణం 1839 తుపానులో ధ్వంసమైంది. 1996 నవంబరు తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది.

మడచెట్ల వేళ్ళు అలల ఉధృతిని తగ్గిస్తాయి, ఒండ్రును పట్టి నిలుపుతాయి. రొయ్యపిల్లలు, పీతలు ఆ వేళ్ళ నడుమనే పెరుగుతాయి. వాటిపై ఆధారపడిన మత్స్యకారులూ పేదలే కదా! ఒకరి కూడు తీసి మరొకరికి గూడు కట్టడం ఏ న్యాయం? మెరక నేలల ధర అధికమన్నది నిజమే. ఆ వ్యయాన్ని భరించవలసింది ప్రభుత్వం. మడ అడవి కాదు, దాని ఒడిలో బ్రతికేవారూ కాదు.