తాబేలు ఇల్లు కాలువే

ఉద్యోగం చేసే చోట రోజురోజుకూ పేరుకుపోయి, సెలవు రోజున కూడా మనిషిని విడిచిపెట్టని అలసటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. సత్తువ హరించుకుపోవడం, చేస్తున్న పనిపై విముఖత పెరగడం, పనితనం సన్నగిల్లడం అనే మూడు లక్షణాలు కలిసిన ఈ స్థితిని ‘బర్న్‌అవుట్’ అంటారు. ఆ సంస్థ దీనిని వ్యాధుల్లో చేర్చక, పనిచోటి ఒత్తిడిని అదుపు చేయకపోవడం వల్ల పుట్టే పరిణామంగా వర్గీకరించింది. కారణం పని నడిచే తీరులో ఉన్నప్పుడు చికిత్సనంతా ఉద్యోగి నెత్తినే పెట్టడం న్యాయం కాదు.

ఈ బాధ నగరాలకే పరిమితం కాలేదు. కరోనా కాలంలో ఇంటి నుంచి పని మొదలయ్యాక హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాల ఒత్తిడి పి.గన్నవరం లాంటి కోనసీమ ఊళ్ల ఇళ్లలోకి కూడా వచ్చి చేరింది. కొబ్బరితోట నడుమ కూర్చున్న ఉద్యోగికి సైతం రాత్రి పది గంటలకు మేనేజరు నుంచి ఫోను వస్తూనే ఉంటుంది. అలాంటి మనిషి తొందర ఎరుగని, మాట అడగని ఒక ప్రాణిని చేరదీసి, దాని పక్కన కాసేపు కూర్చోవాలని కోరుకోవడం సహజం. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ఆపదలో చిక్కిన తాబేళ్లను కాపాడి, పెంచుకోగలిగిన ఇళ్లకు అప్పగించే సంస్థలు ఉన్నాయి. వాటి గురించిన కథనాలు చదివిన మన యువతలో కూడా అదే కోరిక కలుగుతోంది.

ఆ కోరికలో నిజమైన విలువ ఉంది. మెట్ట తాబేలు ఆకు తినే తీరు గమనిస్తే అది అర్థమవుతుంది. దానికి పళ్లు ఉండవు కనుక, కొమ్ములాంటి గట్టి దవడ అంచుతో ఆకును కరిచి, ముందుకాలితో అదిమిపట్టి, తల వెనక్కి లాగి తుంచుకుంటుంది. పట్టు తప్పితే విసుగు లేకుండా మళ్లీ మొదలుపెడుతుంది. దాని డిప్ప విడిచి బయటికి రాగలిగిన గూడు కాదు, వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయిన శరీర భాగం. తాకితే ఆ స్పర్శ దానికి తెలుస్తుంది. ఇలాంటి ప్రాణికి వేళకు ఆకు, నీరు, ఎండ అందేలా చూసే బాధ్యత, లెక్కలతో కొలవని పని ఒకటి ఉందని మనిషికి గుర్తుచేస్తుంది.

అయితే మన దేశంలో ఈ ఓదార్పుకు చట్టం ఒక హద్దు గీసింది, ఆ హద్దు సరైనది. డిప్పపై పసుపు చారలు నక్షత్రాల్లా పరుచుకున్న నక్షత్ర తాబేలును, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ అత్యున్నత రక్షణ గల మొదటి షెడ్యూలులో చేర్చింది. ఈ షెడ్యూలులోని జంతువును పట్టినా, అమ్మినా కనీసం మూడేళ్ల జైలు శిక్ష పడుతుంది. ఇంట్లో ఉంచితే అదృష్టం కలిసొస్తుందన్న నమ్మకం ఈ జీవికి శాపమైంది. దేశంలోని ఒకే వ్యాపార కేంద్రం పరిధిలో ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోతున్నారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పైగా రాయలసీమ వంటి పొడి నేలల్లో బతికే ఈ జీవికి కోనసీమ చెమ్మ సరిపడదు, తడిలో ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

కోనసీమకు తనదైన తాబేలు వేరే ఉంది. చెరువుల్లో, కాలువల్లో, వరిచేలల్లో తిరిగే ఈ మెత్తని డిప్ప తాబేలు వెనుక కాళ్లు లోపలికి ముడుచుకున్నప్పుడు, అడుగున ఉన్న తలుపుల్లాంటి రెండు మడతలు వాటిని కప్పేస్తాయి. నత్తలనూ చచ్చిన చేపలనూ తిని నీటిని శుభ్రపరిచే ఈ జీవి కూడా మొదటి షెడ్యూలులోనే ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బురదలో దాక్కుంటుంది. వేటగాళ్లకు చిక్కేది అప్పుడే. నీటిని అవసరమైన చోటికి చేర్చడం ఇక్కడివారికి కొత్త కాదు: పి.గన్నవరంలో గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువనే దాటించి నది మధ్య లంకలకు నీరిచ్చే అక్విడెక్టు ఉంది. ఎండిన మడుగులో చిక్కిన తాబేలును తొట్టెలో పెట్టుకోకుండా, అటవీ సిబ్బందికి కబురు చేసి, వారి సూచన మేరకు నీరున్న చోటికి చేర్చడమే ఇలాంటి నేలకు తగిన సంరక్షణ. పెంచే తృప్తి కూడా కావాలనుకునేవారికి విశాఖపట్నం, హైదరాబాదు జంతుప్రదర్శనశాలల్లో దత్తత పథకాలు ఉన్నాయి. జంతువు అక్కడే ఉంటుంది, దాని మేత ఖర్చును దాత భరిస్తాడు.

ఆ అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నం పెట్టిన ఆ తల్లి, ఆకలి తీరినవారిని తన గడపకు కట్టేసుకోలేదు. ప్రాణిని ఆదుకోవడం వేరు, సొంతం చేసుకోవడం వేరు అనడానికి ఈ గడ్డ మీద అంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఇక పని ఒత్తిడి అనే మొదటి సమస్య అలాగే మిగిలి ఉంది. రోజువారీ గరిష్ఠ పని గంటలను తొమ్మిది నుంచి పదికి పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది. ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి పని వేళలు ముగిశాక ఫోనుకు స్పందించకుండా ఉండే హక్కును ఉద్యోగికి చట్టం ద్వారా ఇచ్చాయి. మన శాసనకర్తలు కూడా ఆ హక్కును ఇవ్వాలి. అంతవరకు అలసట భరించలేని స్థాయికి చేరినవారు ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ ‘టెలి మానస్’కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. తాబేలును కాలువకూ ఉద్యోగి సాయంత్రాన్ని అతని ఇంటికీ వదిలిపెట్టాలి.

— లంకవాసి